ఎల్లుండి కాయ లేని బొమ్మ

మస్తాన్ బీ మామిడికాయను చూసి రంగు చెప్పదు, రోజు చెబుతుంది. ఇవాళ్టిది, రేపటిది, ఎల్లుండిది.

తెనాలిలో అంగలకుదురు రోడ్డు పక్కన ఉన్న బసవేశ్వరరావు పండ్ల గోదాములో ఆమె పనికి చేరినప్పుడు, కాయలు వేరు చేసే ఆడవాళ్ళందరూ అలాగే మాట్లాడేవాళ్ళు. బంగినపల్లి కాయ భుజాలు నిండి, ముచ్చిక చుట్టూ పచ్చదనం పోయి, బొటనవేలి కింద తోలు కాస్త మెత్తబడితే అది ఇవాళ్టిది. ఊళ్ళో తోపుడుబళ్ళకు పోతుంది. భుజాల మీద పసుపు దిగి, ముక్కు దగ్గర ఆకుపచ్చ ఇంకా మిగిలి ఉంటే రేపటిది. బాపట్ల వెళుతుంది. ఒక చెంప మాత్రమే తిరిగితే ఎల్లుండిది. రేపల్లె దాటి పల్లెపల్లె తిరిగినా చెడదు. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. పక్కన కూర్చున్న ముసలమ్మ ఏ కాయను ఏ గంపలోకి వేస్తుందో చూస్తూ రెండు సీజన్లలో పట్టేసింది. మూడో సీజనుకు ఆ ముసలమ్మే అనుమానం వచ్చిన కాయను ఈమె ముందుకు తోయడం మొదలుపెట్టింది. మస్తాన్ బీ అందుకున్న సర్టిఫికెట్టు అదొక్కటే.

అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఇప్పుడామెకు నలభై ఎనిమిది. ఆ చూపుతో గోదాములో పెద్దగా పని లేదు. ఎనిమిదేళ్ళ కిందట పొట్లాలు వచ్చాయి. బూడిదరంగు కార్బైడు రాళ్ళను కాగితంలో చుట్టి, పచ్చికాయలు నింపిన ప్రతి ట్రేలో ఒకటి పెట్టి, పైన టార్పాలిన్ పట్టా కప్పితే రెండో రోజుకు కాయలన్నీ ఒకేసారి పసుపెక్కుతాయి. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. అందుకే పట్టా తీయగానే ముందు పొట్లాలు ఏరి మూలనున్న డ్రమ్ములో పడేస్తారు. ఆ తర్వాతే ట్రేలు ముందు హాల్లోకి వస్తాయి. మస్తాన్ బీకి మిగిలినవి రెండు పనులు: పొట్లం పెట్టడం, చెడిపోయిన కాయ ఏరడం. వేళ్ళ కొసల్లో తోలు లేచిపోయి అన్నం కలుపుకుంటే ఉప్పు మండుతుంది.

మానేయొచ్చు కదా అని బాపట్లలో ఉన్న కూతురు సుమయా అడుగుతూనే ఉంటుంది. మానేస్తే గది పోతుంది. పదకొండేళ్ళ కిందట ఇదే గోదాములో లారీ మీది నుంచి ట్రేల వరస జారి, ఆమె భర్త అబ్దుల్ షుకూర్ వీపు మీద పడింది. నడుం కింది భాగం మళ్ళీ కదల్లేదు. ఆసుపత్రిలో పదిమంది ముందు బసవేశ్వరరావు, "మస్తానమ్మ పనిలో ఉన్నన్నాళ్ళూ గోదాము వెనక గది వాళ్ళదే" అన్నాడు. అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. మస్తాన్ బీ కూడా మెచ్చుకుంది. ఆ మాటలో మొదటి సగం బరువు ఆమెకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

గదికి కిటికీ లేదు. ఒకటే తలుపు, అది గోదాములోకి తెరుచుకుంటుంది. ఎనిమిదింటికి వాచ్‌మన్ షట్టరు దించి తాళం వేసుకుంటే మళ్ళీ పొద్దున ఐదింటికి తీస్తాడు. ఆ మధ్యలో షుకూర్‌కు ఆయాసం వస్తే వాచ్‌మన్‌కు ఫోను చెయ్యాలి. పొట్లాల నుంచి వచ్చే వెల్లుల్లి లాంటి వాసన తలుపు సందుల్లోంచి వచ్చి మంచం చుట్టూ నిలబడిపోతుంది.

ఈ వేసవిలో బసవేశ్వరరావు గోదాము ముందు భాగంలో కాయలు పండించే కొత్త గ్యాసు గది కట్టించాడు. స్టీలు తలుపులు, లైసెన్సు, గోడకు థర్మామీటరు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. వెనక పొట్లాల పని మాత్రం అలాగే సాగుతోంది. ఏప్రిల్ చివర్లో ప్రారంభం. దాని పక్కనున్న ఆఫీసు గోడ మీద పండ్ల బజారు బొమ్మ వేయించాలని ఆయనకు కోరిక పుట్టింది. రేపల్లె నుంచి యోబును పిలిపించాడు. యోబుకు అరవై దాటాయి. సూర్యలంకలో పడవల మీద పేర్లు, రేపల్లె చుట్టుపక్కల బడుల గోడల మీద పక్షులు, జంతువులు, చర్చి గోడల మీద వాక్యాలు రాస్తూ చెయ్యి తిరిగిన మనిషి. ఏ స్కూల్లోనూ బొమ్మలు నేర్చుకోలేదు.

ఆయన పది రోజులు పొద్దుటి రైల్లో వచ్చి ముందు హాల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాడు. మాట్లాడేవాడు కాదు. ఒక కాయ తీసుకుని, డబ్బా మూత మీద చుక్క రంగు కలిపి, కాయ పక్కన ఆనించి చూసేవాడు. కలవకపోతే తుడిచేసి మళ్ళీ కలిపేవాడు. ఒక్కో రంగుకు ఐదారుసార్లు. అలా తుడిచేయడం చూసే మస్తాన్ బీకి ఆయన మీద గౌరవం కలిగింది.

బొమ్మ పూర్తయింది. పన్నెండడుగుల గోడ నిండా బజారు. తాటాకు పందిరి, కింద గుట్టలుగా మామిడిపండ్లు, మధ్యలో నీలం చీర కట్టుకున్న ఆడమనిషి, తక్కెడ, ఇద్దరు బేరగాళ్ళు. బసవేశ్వరరావు చాలాసేపు చూశాడు.

"అన్నీ బానే ఉన్నాయి గానీ మాష్టారూ, ఏదో జొరం తగిలిన ఇల్లులా ఉందేంటండీ?"

"జొరమా అండి?"

"కాయ కాయలాగే ఉంది, మనిషి మనిషిలాగే ఉంది. చూస్తుంటే మాత్రం లోపల పట్టేసినట్టుంది. ప్రారంభానికి పిలిచి జనాన్ని ఏడిపించమంటారా?"

ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళల్లా బొమ్మకు వైద్యం చేశారు. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, దిగులంతా ఆ ఆడమనిషి ముఖంలో ఉందన్నాడు. యోబు ముఖం చెరిపి నవ్వు వేశాడు. బొమ్మలో దిగులు పోలేదు, దిగుల్లో ఒకామె నవ్వుతున్నట్టు తయారైంది. ఇంకొకాయన నీలం చీర చల్లదనం తెస్తోందన్నాడు. చీర ఎరుపైంది. మరొకరు పందిరి నీడ బరువుగా ఉందంటే నీడ పలచనైంది. పట్టేసినట్టుండటం మాత్రం అలాగే ఉంది.

"చీర మార్చారు, నవ్వు పెట్టారు. ఇంకో వారం పోతే ఆవిడకి పెళ్ళి కూడా చేసేట్టున్నారు" అంది వరమ్మ, మస్తాన్ బీ పక్కన కాయలు ఏరే మనిషి.

ప్రారంభం పన్నెండు రోజుల్లోకి వచ్చేసరికి బసవేశ్వరరావుకు ఓపిక అయిపోయింది. సున్నం కొట్టించి ఫ్లెక్సు అంటిస్తానన్నాడు. యోబు బ్రష్షులు కడుగుతూ, "కాయల గురించి కాయలవాళ్ళని అడగండి. ఇప్పటిదాకా అడిగినవాళ్ళంతా తినేవాళ్ళే" అన్నాడు.

అలా మస్తాన్ బీ మొదటిసారి ఆఫీసు గదిలోకి వచ్చింది. చెప్పులు బయట విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుని గోడ ముందు నిలబడింది. ఆడమనిషి ముఖం చూడలేదు. ఎడమ చివర గుట్ట నుంచి కుడి చివర గుట్ట దాకా, గోదాములో ట్రేల వరస చూసినట్టు, ఒక్కో కాయా చూసుకుంటూ నడిచింది. అర నిమిషంలో ఆమెకు తెలిసిపోయింది.

"ఏంటమ్మా, ఏమైనా కనపడిందా?"

"అన్నీ ఇవాళ్టివేనండి బాబుగారూ."

"అంటే?"

"రేపటిది ఒక్కటీ లేదండి. ఎల్లుండి కాయ అసలే లేదు. కొట్టు నిండా సరుకుంది గానీ పొద్దుగూకేలోపల మొత్తం పోవాలి. పోకపోతే పారబొయ్యాలి. అట్టాంటి రోజున అమ్మేవాళ్ళకి ఊపిరాడదండి. ఆవిడ నవ్వినా లాభం లేదు. చూసేవాళ్ళకీ అదే తగులుద్ది."

బసవేశ్వరరావు పెద్దగా నవ్వాడు. "విన్నారా మాష్టారూ! ఇన్నాళ్ళూ చదువుకున్నోళ్ళ చుట్టూ తిరిగాం."

యోబు నవ్వలేదు. "నేను చూసిందే వేశానండి. పది రోజులు కూర్చున్నా. ఏ ట్రే తీసినా ఇదే పసుపు. ముచ్చిక దగ్గర కూడా తేడా లేదు. రేపటిదీ ఎల్లుండిదీ ఇక్కడ నాకు కనపడలేదు."

తను ఎక్కడికి వచ్చి నిలబడిందో మస్తాన్ బీకి అప్పుడు తెలిసింది. కాయలన్నీ ఒకే రోజు పండటానికి కారణం ఒకటే. అది ఆ గదిలో ఆమెకూ బసవేశ్వరరావుకూ తెలుసు. మూడో మనిషి ఇప్పుడు దాని అంచు పట్టుకున్నాడు.

"అయితే మార్చెయ్యండి. రెండు మూడు రకాలు కలపండి" అన్నాడు బసవేశ్వరరావు. తర్వాత ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "షుకూర్ ఎట్టా ఉన్నాడమ్మా? గదిలో ఇబ్బందేం లేదుగా?"

పదకొండేళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగలేదు. "ఏం లేదండి" అని ఆమె బయటికి వచ్చేసింది.

సాయంత్రం యోబు ఆమె దగ్గరికి వచ్చాడు. "చూడకుండా నేను వెయ్యలేను చెల్లెమ్మా. ఊహించి వేస్తే మైనం కాయల్లా ఉంటాయి. నువ్వు చెప్పిన ఎల్లుండి కాయ ఎక్కడ దొరుకుద్ది?"

"ఎక్కడా దొరకదు మాష్టారూ. మాగబెట్టాలి."

మర్నాడు నూజివీడు లారీ దిగినప్పుడు కిందపడి దెబ్బతగిలిన కాయల్ని ఎప్పటిలాగే పనివాళ్ళకు పంచారు. వాటిలో నుంచి దెబ్బ పైపైనే ఉన్నవి తీసింది. వరమ్మ వాటా కూడా అడిగి తీసుకుంది. ఇరవై కాయలయ్యాయి. షుకూర్ మంచం కింద వరిగడ్డి పరిచి, ముచ్చికలు కిందికి ఉండేలా పేర్చి, మళ్ళీ గడ్డి కప్పింది.

"నాకన్నా వాటికే మెత్తటి పక్క వేశావే" అన్నాడు షుకూర్.

"నువ్వు పండవుగా."

మూడో రోజు నుంచి యోబు పొద్దున్నే గదికి రావడం మొదలుపెట్టాడు. లోపల వెలుతురు చాలదు కాబట్టి ఆమె కాయలు తీసి షట్టరు బయట మెట్టు మీద ఎండలో పెట్టేది. ఆయన మూతల మీద రంగులు కలిపి, తుడిచి, మళ్ళీ కలిపి, కుదిరిన రంగును అట్టముక్క మీద పూసి పక్కన రోజు రాసుకునేవాడు. ఒకే కాయ మీద నాలుగు రంగులు వచ్చేవి. ముక్కు దగ్గర లేత ఆకుపచ్చ, నడుం మీద పచ్చివెన్న రంగు, భుజం మీద పసుపు, ఎండ తగిలిన చెంప మీద కుంకుమ కలిసినట్టు చిన్న జాడ. ఆరో రోజున గదిలో వాసన మారింది. షుకూర్ కళ్ళు మూసుకుని చాలాసేపు గాలి పీల్చాడు.

"అయితే నేను మొదట వేసింది తప్పు కాదన్నమాట" అన్నాడు యోబు, అట్టముక్కలు సర్దుకుంటూ.

"తప్పు కాదు మాష్టారూ. అచ్చం అట్టాగే ఉంది. అందుకే బాబుగారికి పడలేదు."

"మూల డ్రమ్ము నేనూ చూశాను చెల్లెమ్మా."

మస్తాన్ బీ చేతిలో కాయ కింద పెట్టింది. "ఎవరితోనూ అనొద్దు. మీకు దణ్ణం పెడతా. గోదాముకి తాళం పడితే ఈయన్ని మంచంతో సహా రోడ్డు మీద పెట్టుకోవాలి."

యోబు ఆమె వేళ్ళ వైపు చూశాడు, మంచం వైపు చూశాడు. "గోడ మీది పని గోడ మీదే చేస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం సుమయా ఫోను చేసింది. ఆమె భర్త రియాజ్ బాపట్ల నుంచి సూర్యలంక బీచికి ఆటో నడుపుతాడు. రెండు గదుల్లో అత్తమామలతో కలిపి ఆరుగురు ఉంటారు.

"అమ్మీ, ఆ చాకిరీ వదిలేసి ఇక్కడికి వచ్చెయ్యండి."

"అబ్బాని ఎక్కడ పడుకోబెడతావే?"

"వరండాలో... పరదా కట్టుకుందాం."

"వానొస్తే?"

రియాజ్‌కు దగ్గు తగ్గిందా అని అడిగి మస్తాన్ బీ మాట మార్చింది.

నాలుగు రోజుల్లో యోబు కాయలన్నీ తిరిగి వేశాడు. నవ్వు చెరిపేసి మొదటి ముఖమే మళ్ళీ పెట్టాడు. ఇప్పుడా ముఖం దిగులుగా లేదు, పనిలో ఉన్నట్టుంది. పందిరి కింద ఓ మూల ఒక్క ట్రేను మాత్రం మార్చలేదు. అందులో కాయలన్నీ ఒకే పసుపులో ఉండిపోయాయి. దాన్ని మస్తాన్ బీ గమనించింది.

ప్రారంభం రోజు గ్యాసు గది కన్నా బొమ్మ ముందే ఎక్కువమంది నిలబడ్డారు. రేపల్లెలో మూడు దుకాణాలున్న పెద్ద వ్యాపారి ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఇవి గడ్డిలో మాగినవండీ. మా నాన్న కొట్లో ఇట్టా ఉండేవి. బసవేశ్వరరావుగారూ, ఈ సరుకు మీ దగ్గరుందా, బొమ్మేనా?"

"ఎందుకు లేదండీ" అన్నాడు బసవేశ్వరరావు. యోబు చూసి వేసిన కాయల కోసం మనిషిని వెనక గదికి పరిగెత్తించాడు. మస్తాన్ బీ మంచం కింద మిగిలిన ఆరు కాయలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. రేపల్లె ఆయన ఒక పండు ముచ్చిక దగ్గర వాసన చూసి పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. వారానికి రెండుసార్లు ఇరవై ట్రేలు కావాలన్నాడు.

మర్నాడు పొద్దున బసవేశ్వరరావు గదికి వచ్చాడు. తల వంచి లోపలికి అడుగుపెట్టి, పైకప్పు, గోడలు, తలుపు చూశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"వేడి బాగా నిలిచింది. గాలి తిరగదు. గడ్డి పెట్టడానికి ఇంతకన్నా మంచి గది గోదాములో లేదమ్మా. వారంలో ఖాళీ చెయ్యండి. మీకింకెక్కడన్నా చూద్దాంలే."

మంచం మీద షుకూర్ తల అటు తిప్పుకున్నాడు. పొట్లాల గుట్టు పైకి రాకుండా కాపాడితే గది ఉంటుందనుకుంది మస్తాన్ బీ. ఇప్పుడు తన చేతులు మాగబెట్టిన కాయలకే ఆ గది కావాల్సి వచ్చింది.

"ఇయ్యొచ్చండి" అంది. "కానీ గడ్డిలో కాయని పెట్టి వదిలేస్తే కుదరదండి. తెల్లారుజామున ఒకసారి తీసి చూడాలి, మధ్యాన్నం ఒకసారి, సందేళ ఒకసారి. ఒక్కటి కుళ్ళితే దాని చుట్టూ పది పోతాయి. పక్కనే మనిషి ఉండాలి. ఇక్కడ ఆ పని తెలిసింది నాకొక్కదానికేనండి. నేనుండాలంటే ఈయనుండాలి."

"మరి ట్రేలు ఎక్కడ పెడతావ్?"

"మంచం కిందండి. చుట్టూ గోడల వారన."

"మీరు?"

"మధ్యలో ఉంటామండి."

బసవేశ్వరరావు గడ్డం గోక్కున్నాడు.

"ఇంకోటండి. పొట్లం పట్టుకున్న చేత్తో గడ్డి ముట్టుకుంటే కాయకి వాసన పడుద్ది. నాకా పని వద్దు. ఈ గోడ పక్కన ఆ ట్రేలూ పెట్టొద్దు. షట్టరు తాళంచెవి కూడా ఒకటి ఇస్తే..."

"పొట్లాల పని వేరేవాళ్ళకి చెబుతాలే. తాళంచెవి సంగతి తర్వాత." గుమ్మం దగ్గర ఆగాడు. "ఇదంతా సీజను ఉన్నన్నాళ్ళేగా. మామిడి అయిపోయాక ఏంటి?"

"అరటి ఉందిగా అండి. చక్కెరకేళీని కూడా మందు లేకుండా మాగబెట్టొచ్చు. రేపల్లె ఆయన అదీ తీసుకుంటాడు."

"నీకొచ్చా?"

"వచ్చండి."

ఆయన వెళ్ళిన కాసేపటికి వరమ్మ వచ్చింది. "అయితే ఇక నుంచి పొట్లాలన్నీ నా చేతికేనా అక్కా?" అంది. నవ్వుతూనే అంది. మస్తాన్ బీ గడ్డి సర్దుతున్నట్టు వంగింది. లేచేసరికి వరమ్మ లేదు.

ఇప్పుడా గదిలో నేరుగా నడవడానికి వీల్లేదు. మూడు గోడల వారనా భుజం ఎత్తున ట్రేలు, మధ్యలో మంచం, మంచానికీ ట్రేలకూ నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు. మాగే కాయల వేడికి షుకూర్ బనీను ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎనిమిదింటికి షట్టరు దిగుతుంది, తాళం వాచ్‌మన్ జేబులోకి పోతుంది.

"అరటి ఎప్పుడు మాగబెట్టావే నువ్వు?" అని షుకూర్ బసవేశ్వరరావు వచ్చి వెళ్ళిన రోజే అడిగాడు.

"ఎప్పుడూ లేదు."

"మరి వచ్చన్నావు?"

"రాదంటే ఏమవుద్ది? మామిడి అయిపోవడానికి ఇంకా నెలన్నర ఉంది. ఈలోపల నేర్చుకోవాలి."

మొదట తెప్పించిన చక్కెరకేళీ అత్తం గడ్డిలో నల్లబడి కారిపోయింది. రెండోదాన్ని కుండలో పెట్టి పిడక పొగ వేసి మూత బిగించింది. తోలు పండింది, లోపల బిగుసుకుపోయి గట్టిగానే ఉంది. పొగ ఎక్కువైందా, చాలలేదా అని వరమ్మను అడిగింది, కొల్లిపర వైపు నుంచి వచ్చే అరటి రైతును ఆపి అడిగింది. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. మూడో అత్తం నిన్న కుండలో పెట్టింది. ఈసారి పొగ సగమే వేసి, మూత చుట్టూ మట్టి మెత్తింది. ఎల్లుండి పొద్దున తీసి చూడాలి.